బెంగ ఖర్చు

ఫోను కోటు జేబులో రెండుసార్లు వణికింది. నా చేతులకు గ్లౌజులున్నాయి, ఎడమ చేతిలో పద్నాలుగో నంబరు నీళ్ల సీసా, కుడి చేతిలో దాని మూత. అందుకని నెలా పది రోజులుగా నేను ఎదురుచూస్తున్న కబురు నా జేబులోనే కూర్చుని నాలుగు నిమిషాలు నాకోసం ఎదురుచూసింది. మూత బిగించి, సీసాను వరసలో పెట్టి, గ్లౌజులు ఊడదీసి, చేతులు కడుక్కుని, అప్పుడు చూశాను. మీ దరఖాస్తు మంజూరైంది, రేపటి నుంచి పగటి షిఫ్టు, ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా, ఇవాళ ఐదు గంటల లోపు మూడో అంతస్తు ఆఫీసుకొచ్చి సంతకం పెట్టండి. నేను ఏమన్నానో నాకే తెలియదు కానీ గట్టిగానే అని ఉంటాను, పక్క బల్ల దగ్గర మైక్రోస్కోపు మీదికి వంగిన గళ్ల చొక్కాగారు తలెత్తి చూశారు. ఆ పేరు ఆయనకు ల్యాబంతా కలిసి పెట్టింది, వారానికి సరిపడా గళ్ల చొక్కాలున్నాయి ఆయనకు, ఈ ఊరి కొళాయిల్లోకి వెళ్లే నీళ్లు ఇరవై రెండేళ్లుగా ఆయన కళ్ల ముందు నుంచే పోతున్నాయి. "ఏంటమ్మా, సీసాలో పామేమైనా కనబడిందా?" అన్నారు. "పగలు ఇచ్చేశారు సార్, నాకు పగలు ఇచ్చేశారు!" అన్నాను. ఆయన నవ్వలేదు. "ఇచ్చేశారా," అన్నారు, ఎవరికో ఒంట్లో బాగాలేదని విన్నట్టు. "సరే వెళ్లిరా, నీ సీసాలు నేను చూస్తాలే." నేను తలుపు దాకా వెళ్లాక మళ్లీ పిలిచారు. "ఒక్కసారి ఆలోచించుకో అమ్మాయ్. రెండో షిఫ్టు అలవెన్సంటే మాటలు కాదు. దాంతోనే నేను ఇల్లు కట్టాను." ఆ వెంటనే ఆయనకేదో గుర్తొచ్చి తనలో తనే నవ్వుకున్నారు. "మా పిల్లలు చిన్నప్పుడు నన్ను ఆదివారం నాన్న అనేవాళ్లు తెలుసా? మిగతా రోజులకు ఇంకో నాన్న ఎవరో ఉన్నట్టు!" నేనూ నవ్వాను. మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు దగ్గర ఆ నవ్వు నా మొహం మీంచి ఎటో పోయింది.

మూడో అంతస్తులో ఇనుప బెంచీ, దాని మీద నేను. సంతకం చేయించుకోవాల్సిన మేడమ్ మీటింగులో ఉన్నారట, ఐదు లోపల వస్తారట, కూర్చోమంది క్లర్కు. కళ్లజోడు మెడలో గొలుసుకి వేలాడుతోంది, కళ్లతో మాత్రం నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "ఇక్కడ పదకొండేళ్లుగా ఉన్నా. అందరూ పగటి నుంచి రెండో షిఫ్టుకి వేయించమంటారు. అటు నుంచి ఇటు అడిగింది నువ్వొక్కదానివే." ఏం చెప్పను ఆమెకి? నా కాళ్లు నేల మీద నిలవడం లేదని, ఈ బెంచీ మీద కూర్చోవడం కూడా నాకిప్పుడు పెద్ద పని అని? గోడ మీద గడియారం నాలుగూ పది. నాలుగూ పదంటే మా ఆయన నిద్రలో ఉంటాడు. మూడింటి నుంచి నాలుగున్నర దాకా అతని రాత్రి. తెల్లవారుజామున మూడున్నరకు లేచే మనిషికి రాత్రి ముక్కలు ముక్కలుగా వస్తుంది. నాలుగుసార్లు ఫోను చేశాను. మోగి మోగి ఊరుకుంది. బోర్లా పడుకుని, ఒక కాలు మంచం అంచుకు వేలాడేసి, నోరు కొంచెం తెరిచి. నాకు ఆ నిద్ర బాగా తెలుసు. పెళ్లయి నాలుగు నెలలైంది, అతన్ని మెలకువగా చూసిన గంటల కంటే నిద్రలో చూసిన గంటలే ఎక్కువ. పరీక్ష పెడితే అతని గురక మీద నాకు నూటికి నూరు వస్తాయి.

మా కాపురం బస్‌స్టాపులో జరుగుతుంది. హాస్యానికి అనడం లేదు, నిజంగానే. అతనిది లేబుళ్లు అచ్చేసే ప్రెస్సు, అక్కడ ఉన్నదే ఒక్క షిఫ్టు, ఐదు నుంచి ఒంటిగంట దాకా. ఒకటీ ఇరవైకి అతని బస్సు వస్తుంది, ఒకటీ ముప్ఫై రెండుకి నా బస్సు పోతుంది. మధ్యలో పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాల్లో మేం పోట్లాడుకున్నాం, రాజీపడ్డాం, ఇంటి ఓనరమ్మను ఏమని పిలవాలో తేల్చుకున్నాం, ఒకరోజు అతను నా చేతిలో ఇంకా వెచ్చగా ఉన్న కాగితపు పొట్లం పెట్టి ఏం లేదులే తిను అన్నాడు, తినడానికి నేను బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోవాల్సి వచ్చింది, కిటికీలోంచి చూస్తే అతను చేతులూపుతూ నేను తింటున్నానో లేదో చూస్తున్నాడు. పన్నెండు నిమిషాలు చాలవా అంటే చాలవు, కానీ ఎంత బాగుంటాయో! బస్సు ఆలస్యమైతే అందరూ తిట్టుకుంటారు, మేమిద్దరం లోలోపల దణ్ణాలు పెట్టుకుంటాం. మిగతా సంసారమంతా లేబుళ్ల వెనక. ప్రెస్సులో రంగు తప్పి అచ్చయినవి పారేస్తారు, అతను తెచ్చుకుంటాడు. నీలంగా వచ్చిన స్ట్రాబెర్రీలు, రెండు ముక్కులున్న ఆవు, అక్షరాల మీద అక్షరాలు ఎక్కిన బిస్కెట్లు. వాటి వెనక తెల్లగా, నున్నగా ఉంటుంది. వంట సామాన్ల అలమరా పక్కన మేకు ఉంది, దానికి గుచ్చుతాం. ఉల్లిపాయలు అయిపోయాయి. నీ చొక్కా గుండీ కుట్టాను. నిన్న నిద్రలో నా పేరు పిలిచావు, ఎందుకు? దాని కింద అతని రాత: ఏమో, అప్పుడేమైనా పని పడిందేమో.

అన్నట్టు గుడ్ల సంగతి చెప్పాలి. గుడ్లు లేకపోతే నేనీ రోజు ఈ బెంచీ మీద ఉండేదాన్నే కాదు. మూడు నెలల కిందట లేబుల్ వెనక గుడ్లు అని రాసి గుచ్చాను. అతను మర్చిపోకుండా ఉండాలని ఆ లేబుల్ జేబులో పెట్టుకుని కొట్టుకు వెళ్లి, ముప్ఫై గుడ్ల అట్ట తెచ్చి, మాకు ఫ్రిజ్ లేదు కాబట్టి చల్లగా ఉంటుందని మంచం కింద గోడ వారగా పెట్టాడు. రాత్రి నేనొచ్చి లైటు వెయ్యకుండా పడుకున్నాను. పొద్దున్న మేకు ఖాళీగా ఉంది. అరె, రాయడం మర్చిపోయాను కాబోలు అనుకుని నేనే వెళ్లి ముప్ఫై గుడ్లు తెచ్చాను. ఊడుస్తుంటే చీపురుకు అట్ట తగిలింది. అరవై గుడ్లు! ఇద్దరు మనుషులు, ఒక గది, అరవై గుడ్లు. ఆ రోజు బస్‌స్టాపులో మేం నవ్విన నవ్వుకి నా బస్సు డ్రైవరు హారన్ కొట్టి, "ఎక్కుతారా, లేక నేను కూడా దిగి నవ్వనా?" అన్నాడు. పదకొండు రోజులు గుడ్లు తిన్నాం, ఓనరమ్మకి డజను ఇచ్చాం, ఆవిడ ఏదో విశేషమనుకుని నా పొట్ట వైపు చూసింది.

ఆ ఆదివారం నేల మీద ఎదురెదురుగా కూర్చుని ఇంకేమేం ఇలా అయ్యాయో వెతికాం. రెండు చీపుర్లు. రెండు సబ్బు పెట్టెలు. వేరు వేరు వేళల్లో రెండుసార్లు వెలిగిన పొయ్యి, రోజూ. తర్వాత బయటపడ్డాయి అసలువి. అతను కొన్న జుట్టు క్లిప్పులు మూడు. నేను కొన్న బాతుల బొమ్మల మేజోళ్లు. పిడి మీద పిల్లి ఉన్న కప్పు. అత్తరు సీసా, ఇద్దరిలో ఒక్కరికీ ఆ వాసన నచ్చదు. ఇదెందుకు కొన్నావ్ అంటే, "ఆ రోజు నువ్వు బాగా గుర్తొచ్చావ్, బెంగేసింది." మరి అదెందుకు కొన్నావ్ అంటే, "నాకూ అంతే." ఇక ట్యాక్సీలు. పదింటికి షిఫ్టయ్యాక బస్సుకు ఆగితే ఇంటికి ఇరవై నిమిషాలు లేటు, అందుకని వారానికి మూడుసార్లు ట్యాక్సీ, ఎందుకట, తొమ్మిదింటికే నిద్రపోయిన మనిషి నిద్రపోతుండగా చూడటానికి ఇరవై నిమిషాలు ముందు వెళ్లాలట! నేను కాలేజీలో మూడేళ్లు కెమిస్ట్రీ చదువుకున్నాను, నీళ్లలో ఏముందో చుక్కలో పట్టుకుంటాను, మా ఇంట్లో ఏం కరిగిపోతోందో నాకు కనబడలేదు. అతను రెండు ముక్కుల ఆవు వెనక పెద్ద అక్షరాలతో రాశాడు: బెంగ ఖర్చు. కింద గీత గీశాడు. రెండో షిఫ్టు నాకు ఎక్కువగా ఇచ్చే డబ్బులో సగానికి పైగా ఆ షిఫ్టు పెట్టే బెంగే తినేస్తోంది. నేను మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పది దాకా పని చేసి, నేను ఇంట్లో లేనందుకు ఓదార్పుగా బాతుల మేజోళ్లు కొంటున్నాను. ఇంతకంటే దుబారా ఉంటుందా ఎక్కడైనా?

అందుకే మొదలుపెట్టాం. ఆ అలవెన్సు మాకు రానట్టే బతికి చూద్దామని. రాగానే అది పక్కన పెట్టేశాం, మూడు నెలలు దాని మొహం చూడలేదు. ఎంత సరదాగా గడిచాయో ఆ మూడు నెలలు, చెబితే ఎవరూ నమ్మరు. మార్కెట్ మూసే ముందు అరగంటకి వెళితే కూరగాయలావిడ మిగిలినవన్నీ కలిపి ఇచ్చేస్తుంది, ఏమొస్తాయో తెలియదు, సంచి విప్పేదాకా ఉత్కంఠ. టూత్‌పేస్టు ట్యూబు కత్తిరించి చూడండి, లోపల ఇంకో వారం ఉంటుంది. అతని జుట్టు నేనే కత్తిరించాను, మొదటిసారి ఒక చెవి పైన మెట్లు పడ్డాయి, ప్రెస్సులో అందరూ ఏ సెలూనని అడిగారట, నా సొంత సెలూను అన్నాడట. ఏదైనా కొనాలనిపిస్తే లేబుల్ మీద రాసి మేకుకి గుచ్చడం, పది రోజుల తర్వాత కూడా కావాలనిపిస్తేనే కొనడం. నేను రాసిన ఇస్త్రీ పెట్టె అయిదో రోజుకే నాకే విసుగొచ్చి తీసేశాను. అతను రాసిన గోడగడియారం తొమ్మిదో రోజు దాకా ఉండి తొమ్మిదో రోజు రాత్రి మాయమైంది, తీసింది నేను కాదు. పది రోజులూ దాటి నిలబడింది ఒక్క గొడుగు. ఇద్దరికి సరిపోయే గొడుగు కొన్నాం, మంచిది, కర్ర పిడిది, రెండు కొట్లు తిరిగి. పిసినారులకి అంత మంచి గొడుగు ఉంటుందా? మమ్మల్ని పిసినారులన్నవాళ్లని వరసగా ఆ గొడుగు కింద నిలబెట్టి చూపించాలనిపిస్తుంది.

నాలుగున్నర. మీటింగు తలుపు ఇంకా తెరుచుకోలేదు. ఆగలేక అక్కకి చేశాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నేను పగిలిపోతాను. "ఏమే, అంత సంబరంగా ఉన్నావ్, జీతం పెరిగిందా?" అంది. "తగ్గిందక్కా!" అన్నాను. అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు. చెప్పాను, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పాను. "నీకు మతి గానీ పోయిందా? జీతం తగ్గించమని కాగితం రాసిచ్చేవాళ్లు ఉంటారటే ఎక్కడైనా? పిచ్చి మొహమా, ముందు ఇంట్లోకి నాలుగు వస్తువులు అమర్చుకోండి, మొహాలు తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. మొహాలెక్కడికి పోతాయి?" అక్క ఇంట్లో పెద్ద ఫ్రిజ్ పక్కన చిన్న ఫ్రిజ్ ఉంది, చిన్న దాన్లో ఏముందో పెద్ద దానికి తెలియదు. వ్యాయామానికి కొన్న నడక మిషను మీద బావగారి తువ్వాళ్లు ఆరుతుంటాయి. నాకు నవ్వొస్తుంది, నవ్వుతాను కూడా, అక్క కూడా నవ్వేస్తుంది మామూలుగా అయితే. ఇవాళ నవ్వలేదు. గొంతు తగ్గించింది. "మనం చిన్నప్పుడు లేక సర్దుకున్నాం. నీకు గుర్తుండదు, నువ్వు చిన్నదానివి. ఉండి కూడా నువ్వెందుకు సర్దుకోవాలే?"

గుర్తుండదంటుంది గానీ గుర్తుంది. అక్క బూట్ల అడుగున అట్టముక్క, వానొస్తే ఆ అట్ట నానిపోయి గుజ్జైపోతుందని అక్క బడిలో తడి నేల మీద మునివేళ్ల మీద నడిచేది. నా పరీక్ష ఫీజు కోసం అక్క తన మొదటి జీతం కవరు విప్పకుండా తెచ్చి నాన్న ముందు పెట్టింది. అలాంటి అక్కకి ట్యూబు కత్తిరించడంలో సరదా ఏముందని చెప్పను? ఆమెకి ప్రతి వస్తువూ ఆ అట్టముక్కకి చెప్పే సమాధానం. రెండో ఫ్రిజ్ కూడా. అది నాకు తెలుసు, తెలిసి కూడా నేను నవ్వాను, ఛీ. కానీ అక్కా, నువ్వు తడి నేల మీద మునివేళ్ల మీద నడిచింది నేను నా ఇష్టం వచ్చినట్టు నడవడానికి కదూ? ఇదే నా ఇష్టం. పైకి మాత్రం, "నేను సర్దుకోవడం లేదక్కా, నాక్కావాల్సింది నేను కొనుక్కుంటున్నాను," అన్నాను. "ఏం కొంటున్నావ్?" "సాయంత్రాలు." "సాయంత్రాలా! అవేం వండుకు తింటావా?" అని ఫోను పెట్టేసింది.

తలుపు తెరుచుకుంది. మేడమ్ రాలేదు, క్లర్కు వచ్చి కాగితం నా ఒళ్లో పెట్టింది. "ఈ లోపల చదువుకో. రెండో పేరా జాగ్రత్తగా చదువు." చదివాను. పగటి షిఫ్టుకి మారిన ఉద్యోగి రెండేళ్ల పాటు తిరిగి రెండో షిఫ్టు కోరడానికి వీల్లేదు. ఇది ఎవరూ చెప్పలేదు నాకు. రెండేళ్లు! మూడు నెలలు నాటకం ఆడటం వేరు, నచ్చకపోతే తెర దించేసి ఇంటికి పోవచ్చు. ఈ రెండేళ్లలో నాకు పన్ను నొప్పి వస్తే, అతని ప్రెస్సులో పని తగ్గితే, ఓనరమ్మ అద్దె పెంచితే, పక్కన పెట్టిన ఆ మూడు నెలల డబ్బు ఎన్నాళ్లొస్తుంది? గళ్ల చొక్కాగారి ఇల్లు కళ్ల ముందుకొచ్చింది, నేను చూడలేదు గానీ రెండంతస్తులని విన్నాను, మేడ మీద చల్లగాలి వస్తుందట. మాది ఒక గది. ఎండాకాలం నాలుగు గోడలూ కాలతాయి. అక్క అన్నదాంట్లో తప్పేముంది, మొహాలెక్కడికి పోతాయి? ఈ ప్రశ్న తిరిగి తిరిగి అక్కడే ఆగుతోంది, మొహాలెక్కడికి పోతాయి, మొహాలెక్కడికి పోతాయి, అప్పుడు నా ఒళ్లో కాగితం మీద ఫోను వణికింది. మా ఆయన.

"లేచా. నాలుగు మిస్‌డ్ కాల్సేంటి, ఏమైంది?" నిద్ర గొంతు, నేను ఎప్పుడూ వినని గొంతు, అవును, ఆదివారాలు కూడా నాకంటే ముందే లేచే ఇతని గొంతు నిద్ర లేచినప్పుడు ఇలా ఉంటుందని నాకు నాలుగు నెలలుగా తెలియదు! బొంగురుగా, చిన్నపిల్లాడిలా, కొంచెం కోపంగా. "ఇచ్చేశారు," అన్నాను. "ఏంటి ఇచ్చేశారు?" "పగలు." ఏదో కింద పడింది. చెంబు అనుకుంటా. "ఒట్టు?" "ఒట్టు. కానీ రెండేళ్ల దాకా మళ్లీ వెనక్కి రానివ్వరట, కాగితంలో ఉంది." "రెండేళ్లా," అన్నాడు. "అంటే రెండేళ్లు రోజూ నీ చేతి వంటే తినాలా?" "నువ్వే వండచ్చు." "అప్పుడు నువ్వు రోజూ నా చేతి వంట తినాలి. పాపం." ఆ తర్వాత నిజంగా అడిగాడు, "భయమేస్తోందా?" "వేస్తోంది." "నాకూ వేస్తోంది. ఇద్దరం ఒకేసారి భయపడటం కూడా ఇదే మొదలు, ఎప్పుడూ టైము కుదరలేదు." నేను ఆ ఇనుప బెంచీ మీద కూర్చుని గట్టిగా నవ్వాను, క్లర్కు కళ్లజోడు పెట్టుకుని మరీ చూసింది. మొహాలెక్కడికీ పోవు అంటావు గానీ అక్కా, పోతాయి. ఈ గొంతు నిద్ర లేచే వేళకి రోజూ ఎటో పోతోంది, వినేవాళ్లు లేక. గళ్ల చొక్కాగారి పిల్లలు పెద్దవాళ్లైపోయారు, వాళ్ల ఆరు రోజుల మొహాలు ఆయన చూడనే లేదు, ఆ నవ్వు నవ్వేటప్పుడు ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో.

మేడమ్ వచ్చారు, ఐదుకి ఇంకా ఏడు నిమిషాలుంది. "అన్నీ చదివావా? నీ అంతట నువ్వే అడిగావా, ఇంట్లో ఎవరైనా ఒత్తిడి చేస్తున్నారా?" అన్నారు, పాపం మంచావిడ. "ఇంట్లోవాళ్లకి నన్ను ఒత్తిడి చేసే టైమే లేదు మేడమ్, అందుకే అడిగాను," అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. పెన్ను ఇచ్చారు. నా సంతకం మామూలుగా కుదురుగా ఉంటుంది, ఇవాళ చివరి గీత కాగితం అంచు దాకా పరిగెత్తింది, ఇంకొంచెం ఉంటే బల్ల మీదికి దిగేది. క్లర్కు స్టాంపు కొట్టింది. అయిపోయింది. అక్క ఇల్లు, గళ్ల చొక్కాగారి మేడ, వాటి చల్లగాలి, అన్నిటి ఎదుటా ఆ స్టాంపు చప్పుడు ఎంత గట్టిగా వినిపించిందో! ఎవరేమైనా అనుకోనీ. ఒక గదిలో, ఫ్రిజ్ లేకుండా, కాలే గోడల మధ్య, నేను ఈ ఊళ్లో అందరికంటే ఖరీదైన మనిషిలా బతకబోతున్నాను.

మెట్లు దిగుతుంటే మళ్లీ అక్క. సంతకం పెట్టేశానని చెప్పాను. పెద్ద నిట్టూర్పు. "సరేలే, అయిందేదో అయింది. రేపు సాయంత్రం బావగారూ నేనూ మీ ఇంటికొస్తాం. మీ ఆయనతో ఒకసారి కూర్చుని మాట్లాడతారు బావగారు, ఆ కాగితం వెనక్కి తీసుకునే దారేమైనా ఉంటుందేమో."

"రేపు రాకండక్కా."

"అదేంటే, వద్దంటావేంటి?"

"ఆదివారం రండి, ఉదయమే రండి, రోజంతా ఉండండి, నేనే వండిపెడతాను. రేపు మాత్రం వద్దు. రేపు సాయంత్రం మాకు పనుంది."

"నాకు తెలియని పనేంటే మీకు?"

"రేపు నాలుగున్నర నుంచి మేమిద్దరం ఇంట్లో ఉంటాం."